వ్యవసాయం గేమ్ మీ పిల్లలకి ఇవ్వచ్చా లేదా: ఇన్‌స్టాల్ చేసే ముందు మీరే తేల్చుకునే పద్ధతి

"మా పాప హే డే అడుగుతోంది ఇవ్వచ్చా", "స్టార్డ్యూ వ్యాలీ చాలా మంచిదంటున్నారు, మా వాడికి ఎనిమిదేళ్ళు, పర్లేదా" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. ఒక్క మాటలో ఇవ్వండి, వద్దు అని చెప్పేయచ్చు కానీ అది మీ ఇంటికి పనికిరాదు, ఎందుకంటే అదే గేమ్ పన్నెండేళ్ళ అక్కకి చక్కగా సరిపోతుంది, ఏడేళ్ళ తమ్ముడికి అస్సలు సరిపోదు. అందుకే తేల్చుకునే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నా.

స్క్రీన్ మీద పొలం, ఆవు, కోడిపిల్లలు కనపడగానే మనం మెత్తబడిపోతాం. తుపాకులు లేవు కదా, వ్యవసాయమే కదా, ఆడుకోనీ అనుకుంటాం. కానీ పిల్లల మీద పనిచేసేది పైన కనపడే ఆ బొమ్మల కంటే గేమ్ లోపల ఉన్న ఏర్పాటు: టైమ్ ఎలా లాక్కుంటోంది, డబ్బు ఎలా అడుగుతోంది, ఎవరు వచ్చి మాట్లాడగలరు. కథలో ఏముందో ఆ తర్వాత చూద్దాం.

ముందు దగ్గర పెట్టుకోండి

- పిల్లలు పడుకున్నాకో స్కూల్‌కి వెళ్ళాకో ఒక గంట, గంటన్నర ఖాళీ
- గేమ్ నడవబోయే ఫోనో ట్యాబో కంప్యూటరో (వేరే దాంట్లో చూస్తే లాభం లేదు, ఒకే గేమ్ ఫోన్లో ఒకలా, కంప్యూటర్లో ఒకలా ఉంటుంది)
- రాసుకోడానికి ఒక కాగితం
- గేమ్ అసలు పేరు, స్పెల్లింగ్‌తో సహా. పిల్లలు చెప్పిన పేరుతో వెతికితే అచ్చం అలాంటి లోగోతోనే యాడ్స్ నిండిన నకిలీ గేములు బోలెడు వస్తాయి

1. మొట్టమొదట డబ్బుకి తాళం

గేమ్ డౌన్‌లోడ్ చెయ్యకముందే ఈ పని అయిపోవాలి. చాలామంది దీన్ని చివర్లో చేస్తారు, బిల్లు వచ్చాక.

ఆండ్రాయిడ్ ఐతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. ఐఫోన్, ఐప్యాడ్ ఐతే స్క్రీన్ టైమ్ లోపల కొనుగోళ్ళ సెట్టింగ్‌కి వెళ్ళి ఇన్-యాప్ పర్చేజెస్ (గేమ్ లోపల డబ్బు పెట్టి కొనేవి) ఆపేయచ్చు. పిల్లలకి వేరే గూగుల్ అకౌంట్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌లో కొనుగోలు రిక్వెస్ట్ మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఫోన్ లాక్ తియ్యడానికి సుఖంగా ఉంటుందని పిల్లల వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటాం, ఆ వేలే కొనుగోలుకీ ఓకే చెప్పేస్తుంది! అది తీసేయండి. సేవ్ చేసిన కార్డు ఉంటే అదీ తీసేయండి.

2. ఏ రకం గేమో తేల్చండి

వ్యవసాయం గేములన్నీ ఒకటి కాదు. ఏ రకమో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా చూడాలో తెలిసిపోతుంది.

ఫ్రీ, టైమర్ రకం. హే డే లాంటివి. డౌన్‌లోడ్ ఉచితం, పంట పండటానికి నిజం గడియారం ప్రకారం టైమ్ పడుతుంది, ఆగలేకపోతే వజ్రాలు ఖర్చుపెట్టి తొందరచెయ్యచ్చు, వజ్రాలు అయిపోతే డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు.

ఒకసారి కొనేసే కథ రకం. స్టార్డ్యూ వ్యాలీ. ఒక్కసారి డబ్బు కడితే అంతే, లోపల మళ్ళీ అడగడం ఉండదు. కానీ కథ ఉంది, పాత్రలున్నాయి, పెద్దవాళ్ళ సంగతులున్నాయి.

ట్రాక్టర్లు, మెషీన్ల రకం. స్విట్జర్లాండ్‌లోని జెయింట్స్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఫార్మింగ్ సిమ్యులేటర్. జాన్ డీర్, న్యూ హాలండ్ లాంటి నిజం బ్రాండ్ల బండ్లు నడపాలి, దున్నాలి, విత్తాలి, కోయాలి, అప్పు తీర్చాలి. 2024 నవంబర్‌లో వచ్చిన ఫార్మింగ్ సిమ్యులేటర్ 25లో వరి, గేదెలు కూడా వచ్చాయి, మడికి నీళ్ళు పెట్టడం కూడా ఉంది కాబట్టి మన పిల్లలు దీన్ని అడగడం ఇంకా పెరిగింది.

వేరే ప్లాట్‌ఫామ్ లోపలి రకం. రోబ్లాక్స్‌లో 2025లో ఊపేసిన గ్రో ఎ గార్డెన్. ఇలాంటివాటిలో తోటని మాత్రమే చూస్తే సరిపోదు, రోబ్లాక్స్ మొత్తాన్ని ఇంట్లోకి తెస్తున్నట్టే, అక్కడున్న మిగతా లక్షల గేములు, చాట్, రోబక్స్ (డబ్బు పెట్టి కొనుక్కునే అక్కడి కరెన్సీ) అన్నీ కలిపి.

3. స్టోర్ పేజీని ఆఖరిదాకా చదవండి

స్టార్ రేటింగ్ పక్కన పెట్టండి, అది గేమ్ ఎంతమందికి నచ్చిందో చెప్తుంది అంతే. కాగితం మీద ఇవి రాసుకోండి:

- వయసు రేటింగ్ ఎంత, దాని కింద కారణాలుగా ఏం రాశారు
- ఇన్-యాప్ కొనుగోళ్ళు ఉన్నాయా, ఒక్కో వస్తువు ధర ఎక్కడిదాకా వెళ్తుంది (ప్లే స్టోర్‌లో ఈ యాప్ గురించి అనే చోట కిందకి వెళ్తే ఉంటుంది, పై అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి ఒక్కోసారి)
- యాడ్స్ ఉన్నాయా
- ఏ డేటా తీసుకుంటుంది
- చేసినవాళ్ళ పేరు ఏంటి

వయసు అంకె కంటే దాని కిందున్న కారణాలే ముఖ్యం. స్టార్డ్యూ వ్యాలీకి అమెరికా రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ పదేళ్ళు పైబడినవాళ్ళకి అని ఇచ్చింది, కారణాల్లో ఊహాజనిత హింస, కొంచెం రక్తం, కొంచెం మొరటు మాటలు, జూదం లాంటి ఆట, మద్యం, పొగాకు ఉన్నాయి. అదే ఫార్మింగ్ సిమ్యులేటర్‌కి యూరప్ రేటింగ్ మూడేళ్ళు! అంటే మూడేళ్ళ పిల్లకి అర్థమవుతుందని కాదు, భయపెట్టేది లేదని మాత్రమే. తొమ్మిది, పదేళ్ళు దాటకపోతే ఆ గేర్లు, మెనూలు, పనిముట్లు తగిలించడం చూసి విసుగొచ్చి వదిలేస్తారు.

భాష కూడా చూడండి. స్టార్డ్యూ వ్యాలీలో తెలుగు లేదు, చదవాల్సింది మాత్రం చాలా ఉంటుంది. ఇంగ్లీష్ ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకి ఇస్తే మీరు పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిందే, దానికి ఓపిక ఉంటేనే ఇవ్వండి.

4. పిల్లల కంటే ముందు మీరు ఆడండి

వీడియోలు చూస్తే చాలదా అంటారు. చాలదు, వీడియోలో డబ్బు అడిగే పాపప్‌లు కట్ చేసేస్తారు.

ముందు ఒక ముప్పావు గంట ఆడండి. డబ్బు ఖర్చుపెట్టద్దు. కావాలని అక్కడక్కడ పని మధ్యలో ఆపి చూడండి, గేమ్ ఏమంటుందో. తర్వాత మర్నాడు సాయంత్రం దాకా ముట్టుకోకుండా ఫోన్ పక్కన పెట్టండి, నోటిఫికేషన్లు ఎన్ని వచ్చాయో, ఏ మాటలతో పిలిచాయో రాసుకోండి. ఈ రెండో భాగాన్ని ఎవరూ చెయ్యరు, నా మట్టుకు అసలు పరీక్ష ఇదే. ఆడుతున్నప్పుడు అన్ని గేములూ బానే ఉంటాయి, ఆడనప్పుడు ఎలా లాగుతుందో చూస్తేనే తెలుస్తుంది.

కంప్యూటర్లో స్టీమ్ అనే గేముల స్టోర్‌లో కొంటే ఒక వెసులుబాటు ఉంది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఐతే డబ్బు వెనక్కి అడగచ్చు. ఆ రెండు గంటలూ మీవి, పిల్లలకి అప్పుడే చూపించకండి.

5. టైమ్ ఎలా లాక్కుంటోందో చూడండి

ఇంట్లో గొడవలు వచ్చేది ఎక్కువ ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

హే డేలో గోధుమకి 2 నిమిషాలు, మొక్కజొన్నకి 5 నిమిషాలు, పైకి వెళ్ళేకొద్దీ గంటలు. చిన్న చిన్న ముక్కలుగా రోజంతా తెరిచేలా కట్టారు దీన్ని. మంచి విషయం ఏంటంటే పండిన పంట అలాగే ఉంటుంది, వాడిపోదు, అంటే రేపు కోసినా నష్టం లేదు, ఈ సంగతి పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి. (2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన పాత ఫార్మ్‌విల్‌లో టైమ్‌కి కొయ్యకపోతే పంట ఎండిపోయేది, పెద్దవాళ్ళే ఆఫీసుల్లో అలారం పెట్టుకుని కోసేవాళ్ళు. కొత్త గేమ్ ఏదైనా సరే, పంట వాడిపోతుందా లేదా అన్నది తప్పకుండా చూడాల్సిన ప్రశ్న.) కానీ నైబర్‌హుడ్ అనే ఆటగాళ్ళ జట్టులో చేరితే డెర్బీ అని వారం వారం పోటీ ఉంటుంది, అక్కడ మన పిల్ల టాస్క్ చెయ్యకపోతే జట్టు వెనకబడుతుంది, ఆ ఒత్తిడి పంట కంటే గట్టిది.

స్టార్డ్యూ వ్యాలీలో వేరే చిక్కు. గేమ్‌లో ఒక రోజు అంటే మన టైమ్‌లో సుమారు 14 నిమిషాలు. కంప్యూటర్లో ఐనా కన్సోల్‌లో ఐనా పాత్ర మంచం ఎక్కి పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది. మీరు సరిగ్గా మధ్యాహ్నం మధ్యలో వచ్చి "ఆపేయ్" అంటే ఆ రోజు చేసిన పనంతా పోతుంది, పిల్లాడు ఏడుస్తాడు, మీకు మొండితనంలా కనపడుతుంది. అది మొండితనం కాదండీ, నిజంగానే నష్టం.

గ్రో ఎ గార్డెన్లో విత్తనాల కొట్టు 5 నిమిషాలకోసారి కొత్త స్టాక్ పెడుతుంది. అరుదైన విత్తనం ఎప్పుడొస్తుందో తెలీదు. కాబట్టి పిల్లలు ఆడకపోయినా కొట్టు చూసుకోడానికి మళ్ళీ మళ్ళీ వెళ్తారు. అన్నిటికంటే నాకు ఇబ్బందిగా అనిపించింది ఇదే, పదేళ్ళ లోపు వాళ్ళకి నేనైతే వద్దనే చెప్తా.

ఫార్మింగ్ సిమ్యులేటర్లో టైమ్ మన చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా సేవ్ చెయ్యచ్చు. ఇది పెద్ద సుగుణం.

కాగితం మీద రాయాల్సినవి:

- మధ్యలో ఆపితే ఏం పోతుంది
- రెండు రోజులు తెరవకపోతే ఏం పోతుంది
- "త్వరగా రా" అనే నోటిఫికేషన్ వస్తోందా, ఆఫ్ చెయ్యచ్చా
- ఒక్కసారి కూర్చుంటే సహజంగా ఆగే చోటు ఎన్ని నిమిషాలకి వస్తుంది

6. డబ్బు ఎలా అడుగుతోందో చూడండి

ఎంత అడుగుతోంది అన్నదాని కంటే ఎప్పుడు అడుగుతోంది అన్నది చూడండి. గిడ్డంగి నిండిపోయి చెయ్యాల్సిన పని ఆగిపోయిన క్షణంలో అడిగితే అది పిల్లల అసహనం మీద పనిచేస్తోందన్నమాట. వజ్రాలు, రోబక్స్ లాంటి మధ్య కరెన్సీ ఉంటే పిల్లలకి అసలు రూపాయల లెక్క తెలీదు, కాబట్టి ఒక కాగితం మీద "ఇన్ని వజ్రాలు అంటే ఇన్ని రూపాయలు, అంటే మనింట్లో ఇన్ని పాల ప్యాకెట్లు" అని కూర్చోబెట్టి వేయించండి.

గ్రో ఎ గార్డెన్‌లో రోబక్స్ కట్టి పక్కవాళ్ళ తోటలో పండు దొంగిలించే ఏర్పాటు కూడా ఉంది. మన పిల్లాడి తోటలో ఎవరో కోసుకుపోతే ఏడుపు, మళ్ళీ మనవాడు కూడా అదే చెయ్యాలనుకోవడం, రెండూ చూడాల్సి వస్తుంది.

ఆండ్రాయిడ్‌లో పొరపాటున కొనుగోలు ఐపోతే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రీఫండ్ అడగండి, తర్వాత ఐతే కష్టం. ఇంకోటి, "పొలం పండించు, నిజం డబ్బు విత్‌డ్రా చేస్కో" అనే యాప్‌లు కనపడితే ఇక మిగతా పరీక్షలేవీ అక్కర్లేదు, తీసేయండి.

7. ఎవరు మాట్లాడగలరో చూడండి

- గేమ్‌లో చాట్ ఉందా, పూర్తిగా ఆపొచ్చా
- తెలీనివాళ్ళు ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపగలరా
- పేరు దగ్గర పిల్లల అసలు పేరు, స్కూల్ పేరు, ఊరు పెట్టకుండా ఉందా
- గేమ్ వదిలి వేరే యాప్‌కి రమ్మని ఎవరైనా పిలిచే వీలుందా

స్టార్డ్యూ వ్యాలీ ఒక్కళ్ళే ఆడుకోవచ్చు, కలిసి ఆడాలంటే తెలిసినవాళ్ళని మనమే పిలుచుకోవాలి, 2020 చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి కంప్యూటర్లో, కన్సోల్‌లో ఒకే స్క్రీన్ పంచుకుని అక్కాతమ్ముళ్ళు ఆడుకోవచ్చు. హే డేలో రోడ్డు పక్క కొట్టులో కొనడం, అమ్మడం వరకు పర్లేదు, నైబర్‌హుడ్ చాట్ మాత్రం తెలీని పెద్దవాళ్ళతో ఉంటుంది, చిన్నపిల్లలైతే చేరనివ్వద్దు, లేదా బంధువులే కలిసి ఒకటి పెట్టుకోండి. అమెరికాలో ఉన్న పిన్ని పిల్లలూ ఇక్కడ మన పిల్లలూ అలా కలిసి ఆడుకుంటే అది నిజంగా బావుంటుంది. ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో అపరిచితుల సర్వర్లు వద్దు. మాడ్స్ (గేమ్‌కి తగిలించుకునే అదనపు ఫైళ్ళు) కావాలంటే గేమ్‌లోనే ఉన్న అధికారిక మాడ్‌హబ్ నుంచే తీసుకోండి, ఎక్కడెక్కడి సైట్ల నుంచో ఫైళ్ళు దింపనివ్వద్దు.

8. కథ లోపల ఏముందో చూడండి

టైమర్ గేముల్లో, ట్రాక్టర్ గేముల్లో ఇది తొందరగా అయిపోతుంది. స్టార్డ్యూ వ్యాలీ దగ్గర ఆగాలి, ఎందుకంటే పైకి చూస్తే చిన్నపిల్లల బొమ్మల్లా ఉంటుంది.

ఊళ్ళో సెలూన్ ఉంది, అక్కడ బీరు తాగుతారు, తాగుడు అలవాటైన పాత్రలున్నాయి. గనుల్లో కత్తితో జీవుల్ని కొట్టాలి, అది మరీ భయంకరంగా ఏం ఉండదు. ఎడారిలో క్యాసినో ఉంది, ఆట డబ్బుతోనే, నిజం డబ్బు పెట్టే వీలే లేదు, అక్కడిదాకా వెళ్ళడానికి చాలా టైమ్ పడుతుంది కూడా. ప్రేమ, పెళ్ళి, పిల్లలు ఉన్నాయి, చూపించే తీరు సున్నితమే.

ఒక్క సన్నివేశం గురించి మాత్రం తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. షేన్ అనే పాత్రతో స్నేహం బాగా పెరిగాక ఒక వాన రోజు అతను తాగి కొండ అంచున పడి ఉంటాడు, బతకాలని లేదన్నట్టు మాట్లాడతాడు. తర్వాత సాయం తీసుకుని కోలుకోవడం కూడా చూపిస్తారు, రాసిన తీరులో బాధ్యత ఉంది. ఐనా పదేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని చూడాల్సింది కాదు. ఆ పాత్రతో ఆరు హృదయాలు (గేమ్‌లో స్నేహాన్ని కొలిచే గుర్తులు) నిండుతున్నాయంటే మీరు పక్కన ఉండండి, అయ్యాక మాట్లాడండి.

ఇంకోటి, డబ్బు లెక్క. పండుని పీపాలో వేసి వైన్ చేస్తే ధర మూడింతలు అవుతుంది, అందుకే లెక్కలొచ్చిన పిల్లలందరూ వైన్ దగ్గరికే చేరతారు. మీకు అది ఇబ్బందైతే వద్దని అరవక్కర్లేదు, ఊరగాయ జాడీ కూడా ఉంది, అది పీపా కంటే ముందే దొరుకుతుంది, కూరగాయ ధరని రెండింతలు చేసి పైన ఇంకో 50 (గేమ్ డబ్బు) ఇస్తుంది. 175కి అమ్ముడుపోయే కాలీఫ్లవర్ ఊరగాయైతే 400. మన ఇళ్ళల్లో ఈ దారి పిల్లలకి ఇట్టే నచ్చుతుంది.

9. ఇప్పుడు పిల్లలతో కలిసి కూర్చోండి

మీ కాగితం బానే వచ్చిందనుకుంటే మొదటి రోజు కలిసి ఆడండి. చేతిలో కంట్రోల్ వాళ్ళకే ఇచ్చేయండి, మీరు ప్రశ్నలు అడగండి.

స్టార్డ్యూలో పార్స్‌నిప్ (క్యారెట్ లాంటి దుంప) విత్తనం 20, నాలుగు రోజుల్లో పండి 35కి పోతుంది. కాలీఫ్లవర్ విత్తనం 80, పన్నెండు రోజులకి 175. రోజుకి ఏది ఎక్కువ మిగులుస్తుంది? లెక్క వేస్తే మొదటిది రోజుకి 4 లోపు, రెండోది 8కి దగ్గర. మరి చేతిలో 100 మాత్రమే ఉంటే ఏం వేస్తావ్? సీజన్ 28 రోజులే, మారితే పాత పంట చచ్చిపోతుంది కదా, కాలీఫ్లవర్ ఆఖరికి ఏ రోజు వెయ్యాలి? (16వ రోజు.) ఈ ప్రశ్నలకి కళ్ళు మెరిస్తే గేమ్ ఆ పిల్లలకి సరిపోయినట్టే.

గేమ్‌లో లేనివి కూడా అడగండి. నిజం వరి నాలుగు నెలలు తీసుకుంటుంది, స్టార్డ్యూలో బోరు ఎండిపోదు, తుఫాను వచ్చి కోతకొచ్చిన చేను పడిపోదు, దళారీ ధర తగ్గించడు. ఊళ్ళో తాతయ్యో మావయ్యో వ్యవసాయం చేస్తుంటే ఫోన్ చేయించి "ఇప్పుడు చేలో ఏముంది, ఎరువు ఎంతైంది" అని పిల్లలతోనే అడిగించండి. గేమ్ ఆడే పిల్లలు ఇలాంటి ప్రశ్నలు చాలా బాగా అడుగుతారు.

ఆడుతున్నప్పుడు పిల్లల్ని గమనించాల్సినవి:

- ఓడిపోతే, పంట పోతే మళ్ళీ మొదలుపెడుతున్నారా, విసిరికొడుతున్నారా
- చదివి అర్థం చేసుకుంటున్నారా, ఊరికే నొక్కేస్తున్నారా
- ఆపమంటే ఎంతసేపట్లో ఆపారు

10. రూల్‌ని గేమ్ లెక్కలో పెట్టండి

"అరగంట" అని చెప్తే స్టార్డ్యూలో కుదరదు, "రెండు రోజులు ఆడి పడుకోబెట్టి ఆపెయ్" అనండి, అది అరగంటే అవుతుంది, గొడవా ఉండదు. హే డేకి "స్కూల్‌నుంచి వచ్చాక ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి" అని సార్లు పెట్టండి, రాత్రికి ఎక్కువ టైమ్ పట్టే పంట వేసి మూసేయమనండి. ఫార్మింగ్ సిమ్యులేటర్‌కి మామూలు గడియారం చాలు. ఐదేళ్ళ లోపు పిల్లలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది స్క్రీన్ మొత్తం కలిపి రోజుకి గంట దాటద్దని, రెండేళ్ళలోపు ఐతే అసలు వద్దని, కాబట్టి వాళ్ళకి ఈ గేముల గురించి ఆలోచించక్కర్లేదు.

11. తరచుగా జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

అన్నకి కొన్న గేమ్ తమ్ముడు కూడా ఆడేస్తున్నాడు. ఇద్దరికీ వేరే సేవ్ ఫైల్ పెట్టండి, తమ్ముడికి పొలం వరకే, కలిసి ఆడేటప్పుడే.

ఇచ్చేశాక మధ్యలో తెలిసింది సరిపోదని. ఒక్కసారిగా డిలీట్ చెయ్యద్దు, నెలల కష్టం అది వాళ్ళకి. ముందు చాట్, నోటిఫికేషన్లు, కొనుగోళ్ళు ఆపండి, చాలాసార్లు అక్కడితోనే సమస్య పోతుంది. పోకపోతే ఒక తేదీ చెప్పి, ఆలోపు స్క్రీన్‌షాట్లు తీసుకోనిచ్చి ఆపండి.

ఫ్రీ కదా అని ఫ్రీ గేమే ఇచ్చారు. ఒకసారి డబ్బు కట్టి కొనే గేమ్ చాలా ఇళ్ళల్లో చివరికి చవకగా తేలుతుంది, యాడ్స్ గోలా ఉండదు.

స్నేహితులందరూ ఆడుతున్నారని ఒప్పుకున్నారు. ఆ స్నేహితుల ఇళ్ళల్లో చాట్ ఆపారో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి, ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి ఒకే రూల్ పెట్టుకుంటే పిల్లలకీ తేలిక.

12. వారం తర్వాత మళ్ళీ కాగితం తియ్యండి

- గేమ్ గురించి ఉత్సాహంగా చెప్తున్నారా, అడిగితే చిరాకుపడుతున్నారా
- నిద్ర, అన్నం, బయట ఆట తగ్గాయా
- పొద్దున్న లేవగానే ఫోన్ అడుగుతున్నారా
- వజ్రాలు, రోబక్స్ ఎన్నిసార్లు అడిగారు
- ఆపమన్నప్పుడు గొడవ మొదటి రోజు కంటే తగ్గిందా పెరిగిందా

మూడు అంతకంటే ఎక్కువ చోట్ల చెడ్డగా వస్తే ఒక వారం గ్యాప్ ఇచ్చి ఇంకో రకం గేమ్‌తో రెండో నంబర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, టైమర్ గేమ్‌తో ఇబ్బంది పడిన పిల్లలు ఒకసారి కొనే గేమ్‌తో హాయిగా ఉండటం మామూలే. ఒకటి రెండే ఐతే రూల్ కొంచెం సర్దండి, ఇంకో వారం చూడండి.